ఆటల గ్రూపులో ట్రోల్స్‌ను, స్పామర్లను ఎలా అదుపు చేయాలి?

రాత్రి భోజనాలయ్యాక ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల్లో ఎన్నో ఫోన్లలో ఒకేసారి ఆట మొదలవుతుంది. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో షిఫ్టు ముగించుకున్నవాళ్ళు, హాస్టల్ గదుల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు, అందరూ బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి తుపాకీ ఆటలకు ఒక స్క్వాడ్ (కలిసి ఆడే జట్టు) వెతుక్కుంటారు. అలాంటివాళ్ళను ఒకచోట చేర్చే డిస్కార్డ్ సర్వర్‌ను, అంటే రాసుకునే, మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లోని గ్రూపును, మరికొందరితో కలిసి నేను చూసుకుంటున్నాను. కొత్తగా ఇలాంటి గ్రూపు నడపబోయేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. గ్రూపులో బూతులు మొదలైతే తిట్టేవాడు ఎక్కడికీ పోడు. వెళ్ళిపోయేది మంచి ఆటగాళ్ళు. వాళ్ళు గొడవ పడరు, చెప్పి వెళ్ళరు. ఒకరోజు మైక్ ఆపేస్తారు, ఆ తర్వాతి వారం కనిపించరు. అందుకని ట్రోల్‌ను, అంటే కావాలని ఇతరులను ఏడిపించేవాణ్ణి, మాటల్లో ఓడించాలనే పట్టుదల గ్రూపును అదుపులో ఉంచే మోడరేటర్‌కు అక్కర్లేదు. చప్పుడు చేయకుండా జారుకుంటున్నవాళ్ళను నిలుపుకుంటే చాలు.

1. ఎవరు ఏ రకమో తేల్చుకోండి

మ్యాచ్ ఓడిన ఉక్రోషంలో నోరు జారినవాడు ట్రోల్ కాడు. కాసేపటికి చల్లబడతాడు, ఒక మాట చెబితే సర్దుకుంటాడు. వేరే ప్రాంతం ఆటగాడు మన నెల్లూరు మాటతీరును అనుకరిస్తూ మైక్‌లో "ఏమబ్బయా" అంటే మొదటిసారి అందరమూ నవ్వుతాం. అతనే రోజూ ఒకే కుర్రాణ్ణి పట్టుకుని, నోరు తెరిచినప్పుడల్లా వెక్కిరిస్తుంటే అది ట్రోలింగే. నేను చూసేవి రెండు: ఆపమన్నాక ఆగాడా? అతను అంటున్నది ఆటనా, మనిషినా? ఈ రెంటికీ జవాబు దొరికితే సందేహం మిగలదు.

మోసపు లింకులు గుప్పించే స్పామర్‌కు ఎవరిమీదా కోపం ఉండదు. మీరు లింకు నొక్కితే చాలు, అతని పని అయినట్టే. ఇక చాలామంది పట్టించుకోని రకం మరొకటుంది. ఖాతా దొంగల చేతిలో పడిన మన సభ్యుడే తనకు తెలియకుండా స్పామ్ పంపుతుంటాడు. అతన్ని నేరస్థుడిలా చూస్తే అన్యాయం.

2. నిబంధనలు తక్కువగా, సూటిగా రాయండి

"మర్యాదగా ఉండండి" అనే నిబంధన వల్ల ప్రయోజనం లేదు. ప్రతివాడూ తాను మర్యాదగానే ఉన్నానని అనుకుంటాడు. ఏది కుదరదో పేరు పెట్టి చెప్పండి. కులం పేరుతో ఒక్క మాట అన్నా హెచ్చరిక లేకుండా బ్యాన్. అమ్మాయిలను నంబర్లు, ఫొటోలు అడగకూడదు. సినిమా హీరోల అభిమానుల తగవులు, పార్టీల తగవులు ఇక్కడికి తేకూడదు. బెట్టింగ్ యాప్‌ల లింకులు పెట్టకూడదు. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాసి పైన పిన్ చేయండి. ఎన్నికల రోజుల్లో, పెద్ద సినిమా విడుదలైన వారంలో మళ్ళీ గుర్తు చేయండి.

3. తలుపు దగ్గరే వడపోయండి

డిస్కార్డ్ సర్వర్ సెట్టింగ్స్‌లో వెరిఫికేషన్ లెవెల్ ఉంటుంది. మీడియం పెడితే ఖాతా తెరిచి 5 నిమిషాలు దాటనివారు రాయలేరు. హై పెడితే మీ సర్వర్‌లో చేరి 10 నిమిషాలు దాటాలి. హయ్యెస్ట్‌లో ఫోన్ నంబరు ధ్రువీకరణ తప్పనిసరి. మామూలు రోజుల్లో హై సరిపోతుంది. స్పామర్లలో చాలామందికి 10 నిమిషాలు ఆగే ఓపిక ఉండదు. గడువు లేని ఆహ్వాన లింకును యూట్యూబ్ వీడియోల కింద పెట్టకండి. కొత్తగా చేరినవాళ్ళకు లింకులు, బొమ్మలు పెట్టే అనుమతి మొదట్లో ఇవ్వకండి; మీ వాళ్ళతో కలిసి ఆడాక ఇవ్వండి. అందరినీ ఒకేసారి పిలిచే అనుమతి మోడరేటర్లకు తప్ప ఎవరికీ ఉండకూడదు.

వాట్సాప్ గ్రూపు సులువే కానీ అక్కడ ప్రతి సభ్యుడి ఫోన్ నంబరూ మిగిలినవాళ్ళకు కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కలిసే చోటికి, ముఖ్యంగా అమ్మాయిలు, పిల్లలు ఉండే చోటికి అది తగదని నా గట్టి అభిప్రాయం. తప్పనిసరైతే కొత్తవాళ్ళు అడ్మిన్ అనుమతితోనే చేరేలా పెట్టుకోండి.

4. తెలుగు బూతులకు వల మీరే అల్లుకోవాలి

డిస్కార్డ్‌లో 2022 నుంచి ఆటోమాడ్ ఉంది. మనం చెప్పిన మాటలున్న సందేశాన్ని అది ఎవరికీ కనబడకముందే ఆపేస్తుంది. అందులోని సిద్ధ జాబితాలు తెలుగు తిట్లను పట్టుకుంటాయని ఆశ పెట్టుకోకండి. మన జాబితా మనమే రాసుకోవాలి. కాస్త ఇబ్బందికరమైన పనే, ఇద్దరు మోడరేటర్లు కూర్చుని పూర్తి చేయండి.

తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకరు దీర్ఘానికి రెండు అక్షరాలు వాడతారు, ఒకరు ఒకటే. ఒకరు ఒత్తు పెడతారు, ఒకరు పెట్టరు. మధ్యలో చుక్కలు, అంకెలు పెట్టేవాళ్ళూ ఉంటారు. గ్రూపులో కనిపించిన ప్రతి రూపాన్నీ చేర్చుకుంటూ పోవాలి. పైగా మన మాటల చివర కి, ని, గాడు, లారా వంటివి అతుక్కుంటాయి. అందువల్ల మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మాటతో మొదలయ్యే రూపాలన్నీ చిక్కుతాయి. మాట ముందు మాత్రం నక్షత్రం పెట్టే ముందు ఆలోచించండి. రెండు మూడు అక్షరాల తిట్టుకు అటూ ఇటూ నక్షత్రాలు పెడితే ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు కూడా ఆగిపోతాయి. తన పేరే ఎందుకు టైప్ కావడం లేదో తెలియక కొత్త సభ్యుడు విసుగెత్తి వెళ్ళిపోతాడు. కొత్త మాట చేర్చినప్పుడు మొదట కొన్నాళ్ళు సందేశాన్ని ఆపకుండా, మోడరేటర్లకు కబురు మాత్రమే వచ్చేలా పెట్టండి. ఏమేం చిక్కుతున్నాయో చూశాక ఆపే అధికారం ఇవ్వండి.

ఇది రాతలకే. వాయిస్ రూమ్‌లో ఏం జరుగుతోందో ఆటోమాడ్‌కు వినబడదు. అక్కడ మనిషి ఉండాల్సిందే.

5. ట్రోల్ మొదలుపెట్టగానే

రాత్రి వాయిస్ రూమ్‌లో ఒక అమ్మాయి మైక్ తీసి "ఎడమవైపు ఇంట్లో ఇద్దరున్నారు, స్మోక్ వేయండి" అంటుంది. వెంటనే ఒకడు గొంతు మార్చి అదే మాటను సాగదీస్తాడు. ఇంకొకడు నంబరు అడుగుతాడు. మిగిలినవాళ్ళు నవ్వుతారు. మోడరేటర్ ఆ గదిలో ఉంటే ఏం చేయాలి?

మొదట ఆ ఇద్దరి మైకులు సర్వర్ మ్యూట్ చేయాలి. తర్వాత అందరికీ వినబడేలా ఒకేసారి, గొంతు పెంచకుండా చెప్పాలి: "నంబర్లు అడగడం ఇక్కడ కుదరదు. ఆట కొనసాగించండి." ఉపన్యాసం వద్దు. ట్రోల్ కోరుకునేది ప్రేక్షకులనే, మీ కోపం అతనికి కానుక. ఆట ముగిశాక నంబరు అడిగినవాడికి ఒక రోజు టైమౌట్ పెట్టి, విడిగా ఇలా రాయండి: "మీరు ఈ రాత్రి వాయిస్ రూమ్‌లో ఒక సభ్యురాలిని ఫోన్ నంబరు అడిగారు. ఇది మన నిబంధనలకు విరుద్ధం. రేపు ఇదే సమయం వరకు మీరు రాయలేరు, మాట్లాడలేరు. మళ్ళీ జరిగితే బ్యాన్ తప్పదు." మీరు అనే రాయండి. అతను బదులుగా తిట్టినా అదే మర్యాదలో ఉండండి, లేదా ఊరుకోండి.

చాలా గ్రూపులు ఇక్కడితో సరిపెడతాయి. అసలు ముఖ్యమైన పని ఆ తర్వాతే ఉంది. ఆ అమ్మాయికి విడిగా సందేశం పంపాలి. జరిగినది చూశామని, ఫలానా చర్య తీసుకున్నామని, అతను విడిగా సందేశాలు పంపితే వెంటనే తెలియజేయమని చెప్పాలి. చెల్లీ, అమ్మా అని పిలవకండి. ఆమె ఐడీ పేరు చివర గారు చేరిస్తే చాలు. తోటి ఆటగాడికి ఇచ్చే గౌరవమే ఆమె కోరుకుంటుంది. మైక్ ఆపుకోమనీ, మగపేరు పెట్టుకోమనీ సలహా ఇవ్వకండి. అలా అంటే గదిలోంచి వెళ్ళాల్సింది ఆమేనని మీరు తీర్పు చెప్పినట్టే.

6. స్పామర్ల లింకులు

"8100 యూసీ ఉచితం, ఈ రాత్రి 12 వరకే, త్వరపడండి." ఇలాంటి సందేశం కింద ఒక లింకు. యూసీ అంటే బీజీఎంఐలో కొనుక్కునే ఆట డబ్బు. చిరునామా ఆట పేరులాగే ఉంటుంది, ఒక్క అక్షరం తేడా. నొక్కితే ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ కమ్మని అచ్చం అసలు పేజీలా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టారో, కష్టపడి పెంచుకున్న ఐడీ పోయినట్టే. ఏ ఉచిత యూసీ కోసమూ, ఫ్రీ ఫైర్‌లో అలాంటివే అయిన డైమండ్ల కోసమూ బయటి పేజీలో పాస్‌వర్డ్ ఇవ్వకూడదని కొత్త సభ్యులకు మొదటి రోజే చెప్పండి.

ఇంకో ఎత్తుగడ క్యూఆర్ కోడ్. "సర్వర్‌లో ధ్రువీకరణ కోసం స్కాన్ చేయండి" అంటారు. డిస్కార్డ్ యాప్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే మీ ఖాతాలోకి వాళ్ళు లాగిన్ అవుతారు. "నేనొక ఆట తయారు చేశాను, ఆడి చూడు" అంటూ స్నేహితుడి ఖాతా నుంచి వచ్చే ఫైలు కూడా అంతే ప్రమాదం. స్నేహితుడు నిజంగా పంపాడా అని ఫోన్ చేసి అడగండి. డిస్కార్డ్‌లోనే అడిగితే జవాబిచ్చేది దొంగే కావచ్చు.

మీ సభ్యుడి ఖాతా నుంచే స్పామ్ వస్తుంటే బ్యాన్ చేయకండి. టైమౌట్ పెట్టి, సందేశాలు తీసేసి, అతనికి మరో దారిలో తెలియజేయండి. పాస్‌వర్డ్ మార్చమనండి, పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ అడిగే రెండంచెల భద్రత పెట్టుకోమనండి, తనకు తెలియని యాప్‌లకు ఇచ్చిన అనుమతులు తీసేయమనండి. తర్వాత టైమౌట్ ఎత్తేయండి. మోడరేటర్లందరికీ రెండంచెల భద్రత ఉండి తీరాలి. ఒక్క మోడరేటర్ ఖాతా పోతే అతనికున్న అధికారాలన్నీ దొంగ చేతికి వెళ్తాయి.

బెట్టింగ్ లింకుల విషయంలో మొహమాటం వద్దు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే కాక వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. కనబడగానే తీసేయండి, పెట్టినవాణ్ణి పంపేయండి.

7. గుంపుగా దాడి చేస్తే

ఒక్కసారిగా పదుల కొత్త ఖాతాలు చేరి బూతులు కుమ్మరిస్తుంటే ఒక్కొక్కరితో తలపడకండి. ఆహ్వానాలను నిలిపివేయండి, వెరిఫికేషన్ లెవెల్ హయ్యెస్ట్‌కు పెంచండి, ఛానెళ్ళలో ఒక సందేశానికీ మరో సందేశానికీ మధ్య ఆగేలా చేసే స్లో మోడ్ పెట్టండి. ఆ తర్వాత తీరికగా ఏరివేయండి.

8. ఆధారాలు తీసుకున్నాకే తుడవండి

మంచి మోడరేటర్లు కూడా ఈ వరుస తారుమారు చేస్తారు. బ్యాన్ చేసేటప్పుడు పాత సందేశాలను కూడా తీసేసే వీలుంది. తీసేశాక డిస్కార్డ్‌కు ఫిర్యాదు చేయడం కష్టం. ముందు స్క్రీన్‌షాట్, తర్వాత సందేశం లింకు, యూజర్ ఐడీ. పేరు, బొమ్మ ఎన్నిసార్లు మార్చినా యూజర్ ఐడీ సంఖ్య మారదు. డిస్కార్డ్‌కు ఫిర్యాదు పంపాకే బ్యాన్. ఆటలో జరిగితే ఆటలోని రిపోర్ట్ బటన్ కూడా వాడండి.

బెదిరింపులు, ఫొటోలు మార్ఫింగ్ చేయడం, వెంటపడటం మోడరేటర్ తీర్చే తగవులు కావు. బాధితులను, మైనర్లయితే వాళ్ళ ఇంట్లోవాళ్ళను, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మరొకరి పాస్‌వర్డ్ వాడుకోవడం ఐటీ చట్టం 66సీ కింద నేరం, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆటే కదా అని స్టేషన్‌లో తేలిగ్గా తీసుకుంటారేమోనని వెనకాడకండి. స్క్రీన్‌షాట్లు తేదీల వారీగా కాగితం మీద తీసుకెళ్ళండి.

9. మీ స్నేహితుడే ట్రోల్ అయితే

అన్నిటికంటే కష్టమైనది ఇదే. గ్రూపులో అందరికంటే బాగా ఆడేవాడు, మనవాళ్ళకే ప్రత్యేక మ్యాచ్‌లుగా కస్టమ్ రూమ్‌లు పెట్టేవాడు, మీతో కలిసి టీ తాగేవాడు ఎవరినో ఏడిపిస్తుంటాడు. అతను లేకపోతే టోర్నమెంట్ పోతుందని మనసు లాగుతుంది. అప్పుడు నిర్ణయం మీరు తీసుకోకండి. అతనితో స్నేహం లేని మరో మోడరేటర్‌కు అప్పగించండి, ఆ నిర్ణయంలో తల దూర్చకండి. కొత్తవాడికి ఏ శిక్షో ఇతనికీ అదే. సభ్యులు మిమ్మల్ని తూచేది ఈ ఒక్క సందర్భంలోనే.

ఇందుకోసమైనా కనీసం ముగ్గురు మోడరేటర్లు కావాలి. ఒకరు వేరే ఊరివారైతే మరీ మంచిది. ప్రతి హెచ్చరికనూ మోడరేటర్లకు మాత్రమే కనబడే ఛానెల్‌లో తేదీ, కారణం, యూజర్ ఐడీతో రాసి పెట్టండి. బ్యాన్ అయినవాడు కొన్ని నెలల తర్వాత మళ్ళీ రావాలని అడిగితే ఆ చిట్టా తెరవండి. అతని వల్ల బాధపడిన సభ్యులు ఇంకా ఉంటే ముందు వాళ్ళను అడగండి. వాళ్ళు వద్దంటే వద్దనే జవాబివ్వండి.