క్యాచర్ పాఠాలు – 4: మోకాళ్ల మీదనుంచి, పక్క చేత్తో

సాఫ్ట్‌బాల్‌లో క్యాచర్ అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే పిల్ల. పోయిన పాఠంలో ఆ కూర్చునే తీరు, బంతిని మిట్‌లోకి, అంటే క్యాచర్ గ్లవ్‌లోకి, తీసుకునే తీరు చూశాం. గోడకి కొట్టి రోజుకి 50 బంతులు పట్టమన్నాను. పట్టావనే నమ్ముతున్నా. ఈసారి పట్టిన బంతిని వదిలించుకునే సంగతి. ఇందులో కొన్ని త్రోలు చూసి మీ పీఈటీ సార్ "ఇదేం విసురుడే తల్లీ?" అనొచ్చు. వాదించకు, వీడియో తీసి చూపించు. నీది కుడిచేతి వాటం అనుకుని రాస్తున్నాను.

ముందు కాస్త లెక్క. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్, ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు కలిసి ఒక చతురస్రం. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కి అడ్డంగా కొలిస్తే 84 అడుగుల 10 అంగుళాలు, అంటే దాదాపు 25.9 మీటర్లు. బ్యాటర్‌కి బంతి విసిరేది పిచ్చర్, ఆమె విసిరిన బంతే పిచ్. ఫస్ట్ మీదున్న రన్నర్ సెకండ్‌కి ఉరికితే నువ్వు అక్కడికి బంతి వేసి ఆపాలి. బంతి పిచ్చర్ చెయ్యి దాటాకే రన్నర్ బేస్ వదలాలి. చురుకైన పిల్ల ఆ 60 అడుగులూ 3 సెకన్లలో పరిగెత్తిందనుకో. పిచ్ నీ దాకా రావడానికి అర సెకను పోయింది. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో విసిరితే నీ బంతి సెకండ్‌కి చేరడానికి 1.3 సెకన్లు. ట్యాగ్‌కి, అంటే బంతితో రన్నర్‌ని తాకి ఔట్ చెయ్యడానికి, ఇంకో 0.2 తీసెయ్. బంతి మిట్‌లో పడ్డప్పటి నుంచి చెయ్యి దాటేదాకా నీకు మిగిలింది ఒక్క సెకను.

ఇప్పుడు త్రో వేగం 72 నుంచి 80కి పెంచావనుకో. కలిసొచ్చేది 0.13 సెకను. దానికి ఒళ్లు పెరగాలి, బలం రావాలి, నెలలు పడుతుంది. అదే 0.13 సెకను మిట్‌కీ చెవికీ మధ్య ఎక్కడో జారిపోతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడం తేలిక.

నాకిది తెలిసిన తీరు చెప్తాను. మా బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతి ఉండేది. జొన్నచేలో పిట్టల్ని తోలుతూ రాళ్లు విసిరిన చెయ్యి. మోచెయ్యి భుజానికి కిందగా, పక్కనుంచి చటుక్కున విసిరేది. నేను శిబిరంలో నేర్చుకొచ్చింది వేరు: లేచి నిలబడు, పక్కకి తిరుగు, బంతిని వెనక్కి చాచు, మోచెయ్యి పైకెత్తు, అప్పుడు విసురు. మూడు వారాలు పట్టుబట్టి మార్పించాను. త్రో బొమ్మ గీసినట్టు ఉండేది. రన్నర్లు మాత్రం హాయిగా సెకండ్‌కి చేరిపోయేవాళ్లు. చివరికి ఫోన్‌లో స్లో మోషన్ తీసి, తన పాత త్రోనీ నేను నేర్పిన త్రోనీ పక్కపక్కన పెట్టి ఫ్రేములు లెక్కపెట్టాను. దాదాపు 40 ఫ్రేముల తేడా. సెకనుకి 240 తీసే ఫోన్ అది, అంటే 0.17 సెకను. అదంతా బంతిని వెనక్కి చాచి తిప్పే ఆ పెద్ద సున్నాలోనే పోయింది. "నేను ముందే చెప్పా కద సార్" అంది ఆ పిల్ల. నిజమే, చెప్పింది.

కాబట్టి మొదటిది, పొట్టి చెయ్యి. బంతి మిట్‌లో పడగానే మిట్‌నే కుడి చెవి వైపు లాగు. విసిరే చెయ్యి బంతి కోసం ఎదురెళ్లకూడదు, రొమ్ముకి కుడిపక్కన కాచుకుని ఉండాలి. బంతి అక్కడ చేతులు మారుతుంది. అక్కడినుంచి చెయ్యి కిందికి దిగదు, వెనక్కి చాపుకోదు. ఫోన్ మాట్లాడేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో అక్కడికి వెళ్తుంది, అంతే. ఈలోపు కుడి పాదం చిన్న అడుగు వేసి, దాని లోపలి అంచు సెకండ్‌ని చూడాలి. ఎడమ భుజం కూడా అటే తిరగాలి. భుజాలు తిప్పకుండా చెయ్యి ఒక్కటే పొట్టి చేశావో, బరువంతా మోచేతి మీద పడుతుంది. ఈ త్రోలో చాలామంది చేసే తప్పు ఇదే. పూర్తిగా నిటారుగా లేవకు, మోకాళ్లు కొంచెం వంగే ఉండాలి.

పట్టు గురించి ఒక ముక్క. క్రికెట్ బంతి చుట్టుకొలత 22 సెంటీమీటర్ల చిల్లర. 12 అంగుళాల సాఫ్ట్‌బాల్‌ది 30 దాటుతుంది, బరువూ 178 గ్రాములకి తగ్గదు. క్రికెట్‌లోలా కుట్టు మీద రెండు వేళ్లు పెడితే చిన్న చేతిలోంచి జారుతుంది. మూడు వేళ్లు పరచు, చాలకపోతే నాలుగూ. సిగ్గేం లేదు.

రెండోది, పక్క చెయ్యి. అంటే ఆ పిల్లలా మోచెయ్యి భుజానికి కిందగా, పక్కనుంచి విసరడం. రైట్ హ్యాండ్ బ్యాటర్ నిలబడి ఉండగా థర్డ్‌కి వెయ్యాలంటే ఆమే నీకు అడ్డం. పిచ్ బయటికి వస్తే ఆమె ముందునుంచి, లోపలికి వస్తే వెనకనుంచి దారి చూసుకో. వెనకనుంచైతే కుడి పాదాన్ని ఎడమ పాదం వెనక్కి వేస్తే చాలు. కింద పడ్డ బంతిని తీసుకుని లేచే టైం లేనప్పుడు కూడా ఈ త్రోనే దిక్కు. ఒక్క చిక్కుంది: బంతి పక్కకి తిరుగుతూ పోతుంది కాబట్టి కుడివైపు వంగుతుంది. థర్డ్‌కి వేస్తే మైదానం లోపలికి వంగుతుంది, అందుకే బేస్ ఎడమ అంచుకి గురిపెట్టు. సెకండ్‌కి వేస్తే ఫస్ట్ బేస్ వైపు, అంటే రన్నర్ వచ్చే దారిలోకే. కొంచెం వంగితే ట్యాగ్‌కి తేలిక. ఎక్కువ వంగితే రన్నర్ వీపుకి తగులుతుంది.

మూడోది మోకాళ్ల మీదనుంచి. బేస్‌బాల్‌లో బెనిటో శాంటియాగో దీనికి పేరుమోసిన క్యాచర్. శాన్ డియాగో పాడ్రేస్‌కి ఆడుతూ 1987లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. అక్కడ హోమ్ నుంచి సెకండ్‌కి 127 అడుగుల పైమాటే, అంత దూరమూ మోకాళ్ల మీదనుంచే విసిరేవాడు. ఆ వీడియోలు చూసి ఆవేశపడకు. కాళ్ల బలం పోయినప్పుడు ఆ లోటు భుజం, మోచెయ్యి తీర్చాలి. నీ వయసులో మోచేతి లోపలి పక్క ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అక్కడ నొప్పి పుట్టిందంటే ఆ రోజుకి బంతి పక్కన పెట్టు. మర్నాడూ ఉంటే ఇంట్లో చెప్పి డాక్టర్‌కి చూపించు.

నువ్వు దీన్ని ఫస్ట్‌కి వాడు. పిచ్ అయ్యాక రన్నర్ బేస్‌కి దూరంగా వచ్చి, దుమ్ము దులుపుకుంటూ తీరిగ్గా వెనక్కి నడుస్తుంది చూడు, అప్పుడు. మోకాళ్లు నేలకి దిగుతుండగానే ఎడమ భుజం ఫస్ట్ వైపు తిరిగిపోవాలి. దిగి, ఆగి, ఆ తర్వాత తిరిగేటట్టయితే నిలబడి విసరడమే నయం. విసిరాక ఛాతీ ముందుకి వాలనివ్వు. సెకండ్‌కి వెయ్యక తప్పకపోతే ఒక బౌన్స్‌తో వెయ్యి. బేస్‌కి పది పన్నెండు అడుగుల ముందు పడితే, సెకండ్ దగ్గర బంతి అందుకునే షార్ట్‌స్టాప్‌కి నడుమెత్తున వస్తుంది, కాళ్ల దగ్గర పడితే తిట్టుకుంటుంది.

ఈ వారం పని: ఒళ్లు వేడెక్కాక 20 అడుగుల నుంచి పొట్టి చెయ్యి 15 త్రోలు, 40 అడుగుల నుంచి 10. పక్క చెయ్యి 10. మోకాళ్ల మీద 20 అడుగుల్లో 8, మించొద్దు. రోజు విడిచి రోజు. ఆదివారం ఎవరిచేతనైనా పక్కనుంచి స్లో మోషన్ తీయించి, మిట్‌లో బంతి పడ్డ ఫ్రేము నుంచి చెయ్యి దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. ఐదు త్రోలవీ నోటుబుక్‌లో రాసుకో. ఐదో పాఠంలో బంట్ చేసిన, అంటే బ్యాట్ ఊపకుండా మెల్లగా ఆనించి వదిలిన, బంతిని తీసుకోవడం చూస్తాం, ఆ అంకెలు అక్కడ కావాలి.