సెకన్లను గంటలు, నిమిషాల్లోకి మార్చడం: 24 గంటలు దాటాక వచ్చే తప్పు (నా అనుభవం)

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం ఎంతసేపు నడిచిందో చూపించడానికి మొదట జీఎంటైమ్ (సెకన్లను యూటీసీ తేదీ, వేళగా మార్చే ఫంక్షన్), ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ (ఆ వేళను కోరిన రూపంలో రాసే ఫంక్షన్) జంటను వాడాను. 3,661 సెకన్లకు 01:01:01 సరిగానే వచ్చింది. 90,061 సెకన్లకూ అదే 01:01:01! రావాల్సింది 25:01:01.

కారణం చిన్నదే. ఆ ఫంక్షన్లు ఇచ్చేది వ్యవధి కాదు, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన గడియారపు వేళ. 24 గంటలు దాటగానే గంటల అంకె మళ్లీ సున్నాకొస్తుంది. జీఎంటైమ్ బదులు లోకల్‌టైమ్ (స్థానిక వేళ ఇచ్చే ఫంక్షన్) రాస్తే ఇంకా తమాషా: మన దేశంలో సున్నా సెకన్లు కాస్తా 05:30:00 అవుతాయి.

భాగఫలం, శేషం రెండూ ఒకేసారి ఇచ్చే డివ్‌మాడ్‌ ఫంక్షన్‌ను రెండుసార్లు వాడితే సరిపోయింది. 90,061ని 60తో భాగిస్తే 1,501 నిమిషాలు, శేషం 1 సెకను. 1,501ని మళ్లీ 60తో భాగిస్తే 25 గంటలు, శేషం 1 నిమిషం. రోజులు కూడా కావాలంటే గంటలను 24తో భాగించాలి. ముద్రించేటప్పుడు ముందు సున్నాతో రెండంకెల వెడల్పు ఇవ్వకపోతే 25:1:1 అని వస్తుంది.

దశాంశాలుంటే జాగ్రత్త. 59.7ను విడదీశాక రౌండ్ చేస్తే 00:00:60 కనిపిస్తుంది. కాబట్టి రౌండ్ చేశాకే విడదీయాలి. రుణ సంఖ్యలదీ ఇదే తంటా: పైథాన్ భాగహారం కింది పూర్ణాంకానికి దిగుతుంది కనుక -5 సెకన్లు -1 నిమిషం, 55 సెకన్లుగా విడిపోతాయి. గుర్తును పక్కన పెట్టి, ఏబీఎస్ ఫంక్షన్ ఇచ్చే గుర్తులేని విలువను విడదీసి, చివర్లో గుర్తు తగిలించాలి.

లాగ్‌లో (ప్రోగ్రాం నడక నమోదుల్లో) చూసుకోవడానికే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, వ్యవధుల కోసం పైథాన్‌లోనే ఉన్న టైమ్‌డెల్టా చాలు.