వానలు దిగకముందే వీల్ అలైన్‌మెంట్ చూపించండి

జూన్‌లో మొదలయ్యే వానలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను అక్టోబర్, నవంబర్ తుఫాన్ల దాకా వదలవు. కారు ఉన్నవాళ్లు ఈలోపు వైపర్లు మార్పిస్తారు, బ్యాటరీ చూపిస్తారు. అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయా లేదా అన్నది మాత్రం టైర్లు అరిగిపోయాకే గుర్తొస్తుంది. దాన్ని టైర్ల ఖర్చు లెక్కలోనే వేసుకుంటున్నాం. అసలు ప్రమాదం తడి రోడ్డు మీద ఉంది.

ఒక చక్రం అర డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకోండి. లెక్క కడితే, కారు కిలోమీటరు నడిచేసరికి ఆ టైరు 8, 9 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టే. రోడ్డు మీద టైరుకు ఉండే పట్టులో కొంత అలా ఊరికే పోతుంది. పొడి రోడ్డయితే సరిపెట్టుకోవచ్చు. వానలో పట్టు ఎలాగూ తగ్గుతుంది, మిగిలిన ఆ కాస్తతోనే బ్రేకు వేయాలి, మలుపు తిరగాలి. పైగా అలైన్‌మెంట్ తప్పిన టైరు ఒక అంచునే ఎక్కువ అరుగుతుంది. ఆ అంచున టైరు గాట్లు అరిగిపోతే నీళ్లు బయటికి పోవడానికి దారి ఉండదు, టైరు నీటి మీద తేలిపోతుంది. నాతవలస టోల్ గేటు నుంచి మడపాం టోల్ గేటు వైపు 90, 100లో వెళ్తుండగా ఒక్క చక్రం అలా తేలినా కారు అడ్డంగా తిరిగిపోవచ్చు.

ముందు ఇంటి దగ్గరే చూడండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఇంజిన్ ఆపి, ముందు టైరు లోపలి అంచు చూడండి. నిలబడి చూస్తే బయటి అంచు బాగానే కనిపిస్తుంది, లోపలిది బోడిగా అయిపోయి ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. అరచేతిని టైరు మీద అడ్డంగా, అటూ ఇటూ మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా జారి, ఇంకోవైపు రంపం పళ్లలా తగిలితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినట్టు. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు. నన్నడిగితే, వానలకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలి.

కారు ఒక పక్కకి లాగుతుంటే వెంటనే అలైన్‌మెంట్ అనుకోకండి. డ్రైవర్ డోరు దగ్గరున్న స్టిక్కర్ చూసి, నాలుగు టైర్లలో గాలి సరిచేయించండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు కాస్త వాలుగా ఉంటాయి కాబట్టి అటు కొద్దిగా జరగడం మామూలే. బ్రేకు వేసినప్పుడే లాగితే బ్రేకులు చూపించాలి. 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉందా అన్నది) చూడాలి. నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ వంకరగా ఉంటే, మలుపు తర్వాత దానంతటది వెనక్కి రాకపోతే అలైన్‌మెంట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. కారు లాగుతోందా, స్టీరింగ్ వంకరగా ఉందా అనే పరీక్షలు ఖాళీ రోడ్డు మీద, 50 లోపు వేగంలో చేయండి. చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి.

షాపులో ఒక మాట గట్టిగా అడగండి: "టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాకులు చూశాకే అలైన్‌మెంట్ చేయండి." ఇవన్నీ చక్రానికి ఆసరాగా ఉండే భాగాలు. అవి వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంట్ మొదటి గోతిలోనే పోతుంది. ముందు, తర్వాత రీడింగుల కాగితం తీసుకోండి. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల టో మాత్రమే తిప్పి సరిచేయగలరు. క్యాంబర్ (చక్రం నిలువుకు ఎంత వాలి ఉందన్నది) మెషిన్ తెర మీద ఎర్రగా, అంటే తప్పుగా చూపిస్తే ఏదో వంగి ఉండవచ్చు. ఏది వంగిందో తేల్చమనండి, సుత్తితో కొట్టి ఆకుపచ్చ చేయనివ్వకండి. కారు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఉంటే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ కూడా సరిచూడాలి. డబ్బులిచ్చే ముందు ఒకసారి నడిపి చూసుకోండి.

జూన్‌లో చేయించాం కదా అని సంక్రాంతి దాకా ఊరుకోవద్దు. నీళ్లు నిండిన గోతి లోతు పైకి కనపడదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా రోడ్ల మీద చెట్లు, కొమ్మలు పడితే వాటి మీంచి ఎక్కించి దింపాల్సి వస్తుంది. గట్టి దెబ్బ తగిలితే 5,000 కిలోమీటర్లకోసారి అనే లెక్క పక్కన పెట్టి మళ్లీ చూపించండి. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కేవాళ్లు ఇందులో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దిగేటప్పుడు మలుపు, బ్రేకు ఒకేసారి వస్తాయి.

స్టెప్నీ కూడా చూడండి. చాలా కార్లలో అది మిగతా నాలుగింటి కంటే సన్నగా ఉంటుంది. అలాంటిది వేసినప్పుడు కారు కొంచెం పక్కకి లాగవచ్చు, వేగం దాని మీద రాసినంతే, సాధారణంగా 80 లోపే ఉండాలి. వానలో ఇంకా తగ్గించి, దగ్గర్లోని పంచర్ షాపు దాకా మాత్రమే వెళ్లండి.