కారు జీపీఎస్ నేర్చుకుందాం – 3వ పాఠం: గమ్యం పెట్టడం

పోయిన పాఠంలో జీపీఎస్‌ని అద్దానికి బిగించి, కారుని ఆరుబయట ఆపి, ఉపగ్రహాలు దొరికేదాకా ఆగడం నేర్చుకున్నాం. కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందితే మీరున్న చోటు దానికి తెలిసినట్టే. ఇక వెళ్ళాల్సిన చోటు చెప్పాలి. తక్కువ ధర పరికరాలతో వచ్చే చిక్కులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. అందుకే ఈ పాఠం నిదానంగా చదవండి.

ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సమయాన్నీ, తాము ఎక్కడున్నాయో ఆ వివరాన్నీ పంపుతాయి. ఊళ్ళ పేర్లు, రోడ్లు, వంతెనలు వాటికి తెలియవు. అవన్నీ పరికరంలో వేసిన మ్యాప్‌లో ఉంటాయి. మామూలు జనం వాడే సిగ్నల్‌లో కావాలని కలిపిన తేడాని అమెరికా 2000 మే నెలలో తీసేసింది. అప్పటినుంచి, పైన ఆకాశం తెరిపిగా ఉంటే చవక పరికరం కూడా మీరున్న చోటుని కొద్ది మీటర్ల తేడాతో చూపిస్తుంది. కాబట్టి దారి తేడాగా అనిపిస్తే ముందు మ్యాప్‌నీ, మీరు పెట్టిన గమ్యాన్నీ అనుమానించండి.

పేరుతో వెతికేటప్పుడు మొదటి ఫలితం మీద వెంటనే నొక్కకండి. విజయనగరంలో కూర్చుని శ్రీకాకుళం అని కొట్టారనుకుందాం. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోనూ ఒక శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. మన శ్రీకాకుళమైతే దూరం డెబ్బై కిలోమీటర్లకి అటూ ఇటూగా చూపించాలి. మూడు వందలు దాటితే ఆగిపోండి. బయలుదేరే ముందు దూరం చూసుకోవడం ఒక్కటి అలవాటైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆమదాలవలసతో ఇంకాస్త జాగ్రత్త. శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్న పట్టణం ఒకటి, రేగిడి ఆమదాలవలస మండలం ఇంకొకటి. ఆ మండలం, రాజాం 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలోకి వెళ్ళాయి. అప్పుడే పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. మీ మ్యాప్ అంతకన్నా పాతదైతే వాటిని ఇంకా శ్రీకాకుళం జిల్లా కిందే వెతకాలి. ఇంగ్లీషు అక్షరాలతో కూడా తిప్పలే. పేరంతా కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి జాబితాలో చూసుకుంటే స్పెల్లింగ్ బాధ తప్పుతుంది.

పేరు దొరకని పల్లెకి అక్షాంశం, రేఖాంశం పెట్టడమే నమ్మకమైన పద్ధతి. మన శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల 18 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 54 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మీ పరికరం దశాంశాల్లో అడిగితే నిమిషాలను 60తో భాగించండి. అప్పుడు 18.30, 83.90 వస్తాయి. అలా మార్చకుండా 18.18, 83.54 అని కొడితే బాణం గుర్తు నలభై కిలోమీటర్లు జరిగి విజయనగరం జిల్లాలో పడుతుంది. పరికరం ఏ తప్పూ చూపించదు, ఎందుకంటే అదీ భూమ్మీద ఉన్న చోటే కదా! ఎవరైనా అంకెలు పంపితే అవి దశాంశాలా, నిమిషాలా అని తప్పకుండా అడగండి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే పదకొండు మీటర్ల వరకు ఖచ్చితం, ఇంటి వాకిలికి అది చాలు.

ఇంతకన్నా మంచి దారి, ఒకసారి వెళ్ళిన చోటుని అక్కడే నిలబడి ఫేవరెట్స్‌లో సేవ్ చేసుకోవడం. అత్తవారి ఊరు, పొలం, తెలిసిన మెకానిక్ షెడ్డు, వేటినీ వదలకండి. మ్యాప్‌లో పేరు లేకపోయినా ఈ చోట్లు పనిచేస్తాయి.

గమ్యం పెట్టాక ఫాస్టెస్ట్, షార్టెస్ట్ అని రెండు రకాలు అడుగుతుంది. కొత్తవాళ్ళు ఫాస్టెస్ట్ మీదే ఉంచండి. షార్టెస్ట్ అంటే ఒక కిలోమీటరు మిగల్చడానికి పంట కాలువ గట్టు మీదికైనా తోలేస్తుంది, వానాకాలంలో అది ప్రమాదం.

దారి గీత వచ్చాక మ్యాప్‌ని చిన్నది చేసి అది నదిని ఎక్కడ దాటుతుందో చూడండి. శ్రీకాకుళం నుంచి నరసన్నపేటకి అయితే గీత జాతీయ రహదారి మీదుగా మడపాం దగ్గర వంశధారని దాటాలి. వేరే చోట దాటిస్తుంటే ఆ ఊరివాళ్ళని అడిగాకే కదలండి. వంతెన లేని రేవుని కూడా పాత మ్యాప్ రోడ్డులా చూపించవచ్చు.

అభ్యాసానికి అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం మూడూ పేరుతో వెతికి, దూరాలు కాగితం మీద రాయండి. ఇంటి దగ్గర నిలబడి ఇంటిని సేవ్ చేయండి. ఇదంతా బండి ఆపి ఉన్నప్పుడే, నడుపుతూ ఒక్క అక్షరం కూడా కొట్టకండి. వచ్చే పాఠంలో దారి మధ్యలో ఆగాల్సిన చోట్లు కలపడం, మ్యాప్ మార్చేముందు సేవ్ చేసిన చోట్లని కాపీ తీసుకోవడం చూద్దాం.