రక్షణ కళ్లద్దాలు నుదుటి మీదే ఉంటున్నాయా? సమస్య - పరిష్కారం

వెల్డింగ్ షాపులో, గ్రైండింగ్ దగ్గర, వడ్లు నూర్చే కల్లంలో, మందు కొట్టే పొలంలో రక్షణ కళ్లద్దాలు కనిపిస్తూనే ఉంటాయి. కాకపోతే చాలాసార్లు అవి నుదుటి మీదో, చొక్కా జేబులోనో ఉంటాయి. చూసినవాళ్లు 'ఎంత అజాగ్రత్త' అంటారు. నా ఉద్దేశంలో తప్పు మనిషిది కాదు, ఎక్కువగా ఆ జోడుదే. ఆవిరి పడుతుంది, జారుతుంది, చెవి వెనక నొక్కుతుంది. ఆ ఇబ్బంది ఏదో కనిపెట్టి సరిచేస్తే, తీసేయాల్సిన అవసరమే రాదు. ఫ్రేముల్లో వచ్చిన మంచి మార్పులు చాలావరకు ఇలాంటి ఇబ్బందుల నుంచి పుట్టినవే.

లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు

చెమట, ఊపిరి నుంచి వచ్చే వెచ్చటి తేమ కాస్త చల్లగా ఉన్న అద్దానికి తగిలి సన్నటి నీటి బొట్లుగా మారుతుంది. మాస్క్ కూడా పెట్టుకుంటే ఊపిరి నేరుగా పైకే తంతుంది. కాబట్టి ముందు మాస్క్‌నే చూడండి. ముక్కు దగ్గరున్న తీగను గట్టిగా నొక్కి, కళ్లద్దాల అంచు దాని మీద కూర్చునేలా పెట్టుకుంటే సగం సమస్య తగ్గుతుంది.

మిగతా సగానికి యాంటీ ఫాగ్ పూత ఉన్న అద్దం తీసుకోవాలి. యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన వాటి మీద దీనికి 'ఎన్' అనే గుర్తు ఉంటుంది. ఈ పూత నీటిని బొట్లు కట్టనివ్వకుండా పల్చటి పొరగా పరుస్తుంది. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే పూత పోతుంది. నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

గాలి రంధ్రాలున్న గాగుల్స్ కొనేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. నేరుగా లోపలికి తెరుచుకునే రంధ్రాలు ఎగిరే చెక్కపేళ్ల లాంటివాటికి సరిపోతాయి. పురుగుమందు, యాసిడ్ లాంటి ద్రవాలతో పనైతే, గాలి వంపు తిరిగి లోపలికి వచ్చే మూత రంధ్రాల రకమే వాడాలి. గాలి బాగా ఆడుతోందని మామూలు రంధ్రాల గాగుల్స్‌తో మందు కొడితే, తుంపర ఆ దారినే కంట్లోకి వస్తుంది.

పదే పదే ముక్కు మీదికి జారుతోంది

కాడ లోపలి వైపు 52□18-140 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద కూర్చునే వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మీకు సరిగ్గా కూర్చునే పాత జోడు ఉంటే ఆ అంకెలే పట్టుకుని కొత్తది వెతకండి.

చాలా ఫ్రేములు ఎత్తైన ముక్కును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వంతెన ప్రాంతం చదునుగా ఉన్నవాళ్లకు అవి జారతాయి. 'లో బ్రిడ్జ్ ఫిట్' అనే రకం, లేదా వంచుకునే ముక్కు ప్యాడ్లున్న రకం వాళ్లకు నప్పుతుంది. కాడ వంపు సరిగ్గా చెవి పైభాగం దాటగానే మొదలవ్వాలి. వంపు వెనక్కి ఉంటే జారుతుంది, ముందుకు ఉంటే చెవి వెనక పుండు పడుతుంది.

అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేమును వేడి చేసి సులువుగా వంచవచ్చు. మెమరీ మెటల్ నికెల్, టైటానియం కలిసిన లోహం, ఎంత వంచినా వెనక్కి వచ్చేస్తుంది. అందుకే దానికి ప్యాడ్లు, కాడ చివర్లు మాత్రమే సర్దగలరు. టీఆర్-90 అనే తేలికైన నైలాన్ రకం కూడా సర్దుబాటుకు అంతగా లొంగదు. ఇవి కొనేముందే ముఖానికి సరిపోవాలి, తర్వాత సరిచేయించుకుందాంలే అనుకోకూడదు. ఒంగి పనిచేసేవాళ్లకు వెనక బెల్టు ఉన్నదే మేలు.

ముక్కు, చెవుల దగ్గర దురద, ఎర్రటి మచ్చలు

చవక లోహపు ఫ్రేముల్లోని నికెల్ చెమటతో కలిసి కొందరికి అలర్జీ తెస్తుంది. టైటానియం లేదా ప్లాస్టిక్ ఫ్రేముకు మారండి, మెమరీ మెటల్‌లోనూ నికెల్ ఉంటుందని గుర్తుంచుకోండి.

పవర్ అద్దంలో అంచులు మసకగా, రంగు గీతలుగా కనిపిస్తున్నాయి

రక్షణ అద్దాలు ఎక్కువగా పాలికార్బొనేట్‌తో చేస్తారు. దెబ్బను బాగా తట్టుకుంటుంది, కానీ కాంతిని రంగులుగా ఎక్కువగా విడగొడుతుంది. దీన్ని కొలిచే అబ్బే సంఖ్య దీనికి 30 దగ్గర, మామూలు ప్లాస్టిక్ అద్దానికి 58 దగ్గర ఉంటుంది. సంఖ్య ఎంత తక్కువైతే అంచుల్లో రంగులు అంత ఎక్కువ. పవర్ పెద్దదైతే ఇది తెలుస్తుంది. 2001లో వచ్చిన ట్రైవెక్స్ దెబ్బను తట్టుకుంటూనే ఈ విషయంలో మెరుగ్గా ఉంటుంది.

పాలికార్బొనేట్‌ను థిన్నర్, అసిటోన్, పెట్రోల్‌తో తుడవకండి. కంటికి కనిపించని పగుళ్లు వచ్చి, దెబ్బ తగిలినప్పుడు విరుగుతుంది. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పూత సన్నగా పగిలిపోతుంది. దానికి మరమ్మతు లేదు, అద్దం మార్చాల్సిందే.

కళ్లద్దాలు పెట్టుకున్నా నలుసు పడింది

చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. రోజూ పెట్టుకునే పవర్ కళ్లజోడు రక్షణ కళ్లద్దం కాదు. పక్కలు తెరిచి ఉంటాయి, ఫ్రేము దెబ్బకు అద్దాన్ని వదిలేయవచ్చు. గుర్తులు చూడండి. యూరప్ ఈఎన్ 166 ప్రమాణపు రకంలో 'ఎఫ్' అంటే సెకనుకు 45 మీటర్ల వేగంతో వచ్చే చిన్న ఉక్కు గుండును, 'బి' అంటే 120 మీటర్ల వేగంతో వచ్చేదాన్ని తట్టుకున్నట్టు పరీక్షించారని అర్థం. అమెరికా రకంలో గట్టి దెబ్బకు గుర్తు జెడ్87+. మన దేశపు ప్రమాణం ఐఎస్ 5983. గుర్తు అద్దం మీద ఉంటే చాలదు, ఫ్రేము మీద కూడా ఉండాలి.

గ్రైండర్ పనికి కళ్లద్దాల పైన ముఖం మొత్తం కప్పే షీల్డ్ కూడా పెట్టుకోవాలి. పని అయ్యాక తల ముందుకు వంచి, కళ్లు మూసుకుని జోడు తీయండి. కనుబొమ్మల మీద ఆగిన పొడి అప్పుడే కంట్లో రాలుతుంది.

నలుసు పడితే రుద్దకండి, శుభ్రమైన నీళ్లతో కడగండి. పోకపోతే అగ్గిపుల్లతోనో, గుడ్డ అంచుతోనో తీయించుకోకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వరి ఆకు కోసుకున్నా, వడ్ల పొట్టు గుచ్చుకున్నా అస్సలు అశ్రద్ధ చేయకూడదు. పంట చెత్తతో అయిన చిన్న గాయంలోంచి ఫంగస్ చేరి నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది. ఆకు పసరు పోయకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు ఈ ఫంగస్‌ను ఇంకా పెంచుతాయి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఇప్పుడు పల్లెల్లో కూడా విజన్ సెంటర్లు ఉన్నాయి. అలాంటిది దగ్గర్లో ఉంటే ఆ రోజే చూపించుకోండి.

వెల్డింగ్ చేసిన రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట

ఆర్క్ నుంచి, అంటే రాడ్డు దగ్గర వెలిగే మిరుమిట్ల వెలుగు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాల్చాయి. నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది, అందుకే పని చేస్తున్నప్పుడు తెలియదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మత్తు చుక్కలు తెచ్చుకుని పదేపదే వేసుకుంటే గాయం మానడం ఆలస్యమవుతుంది.

అసలు కారణం చేతి స్క్రీనులోనే ఉంది. ముదురు అద్దంలోంచి రాడ్డు ఎక్కడ అంటించాలో కనిపించదు. అందుకే స్క్రీను పక్కకు జరిపి, అంటించాక అడ్డం పెడతారు. ఆ లోపే కాంతి తగులుతుంది. 1981లో స్వీడన్ నుంచి వచ్చిన ఆటో డార్కెనింగ్ అద్దం దీన్నే పరిష్కరించింది. ఆర్క్ రాకముందు పల్చగా ఉండి, వెలిగిన క్షణంలో తనంతట తానే నల్లబడుతుంది. స్క్రీను జరపాల్సిన పనే ఉండదు. మామూలు ఆర్క్ వెల్డింగ్‌కు కరెంటును బట్టి 10 నుంచి 13 షేడ్ (అద్దం ఎంత ముదురో చెప్పే అంకె) పెట్టుకోవాలి.

అది నల్లబడటం ఆలస్యమైతే ముందు సెన్సర్ల మీద చిట్లి పడిన మరకలు తుడవండి, తర్వాత బ్యాటరీ, ఆపైన సెన్సిటివిటీ బటన్ చూడండి. తక్కువ కరెంటుతో చేసే టిగ్ రకం వెల్డింగ్‌లో సెన్సిటివిటీ పెంచాల్సి వస్తుంది. అప్పటికీ సరిగ్గా పనిచేయకపోతే ఆ అద్దాన్ని వాడకండి.

పక్కన ఇనుము పట్టుకునే హెల్పర్ కుర్రాడికి కూడా ఒక స్క్రీను కొనండి. రోడ్డు పక్కన అమ్మే నల్ల కళ్లద్దాలు అతనికి చాలవు.