ఇంటివాళ్లకు ఎంఆర్‌ఐ పాఠాలు – 4: మిగిలిన ముక్క పెరుగుతోందా?

గత పాఠంలో బయాప్సీ రిపోర్టులో గ్రేడ్ ఎక్కడుంటుందో చూశాం. గ్రేడ్ 1 మెనింజియోమా (మెదడును కప్పే పొరల్లో పుట్టే గడ్డ; గ్రేడ్ 1 అంటే సాధారణంగా నెమ్మదిగా పెరిగే రకం) అని వచ్చింది, నరానికో రక్తనాళానికో అంటుకున్న కొంత గడ్డను సర్జన్ వదిలేయాల్సి వచ్చింది అనుకోండి. ఇక ఇంట్లో ఒకటే చర్చ: రేడియేషన్ ఇప్పించాలా, స్కాన్లు తీయిస్తూ ఆగొచ్చా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. గ్రేడ్ 1లో రెండూ సరైన దారులే కావచ్చు. చాలావరకు తేల్చేది ముక్క పెరుగుదలే. దాన్ని కనిపెట్టడం ఈ రోజు నేర్చుకుందాం.

పోల్చడానికి ముందు ఒక మొదటి స్కాన్ ఉండాలి. ఆపరేషన్ అయిన 48–72 గంటల్లోపు కాంట్రాస్టుతో (గడ్డ స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందుతో) తీసింది గానీ, సుమారు 3 నెలలకు తీసింది గానీ. ఈ మధ్యలో తీస్తే మానుతున్న చోటు కూడా తెల్లగా మెరిసి గడ్డేమో అనిపిస్తుంది. రిపోర్టుతో పాటు సీడీ కూడా దాచండి. పంజాగుట్టలో ఆపరేషన్, దిల్‌సుఖ్‌నగర్‌లో స్కాన్, సికింద్రాబాద్‌లో సెకండ్ ఒపీనియన్... మన హైదరాబాద్‌లో ఇలాగే తిరుగుతాం. సీడీ లేకపోతే కొత్త డాక్టరు చేతిలో అంకెలే ఉంటాయి, బొమ్మ ఉండదు.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. స్కాన్ తేదీ, సెంటరు పేరు, మూడు కొలతలు రాయండి. ఉదాహరణకు మొదటి స్కాన్‌లో 14 × 11 × 9 మి.మీ. ఆ తర్వాత ఏటా పొడవు 15, 16, 18 అయింది. ప్రతి రిపోర్టులోనూ ‘గత స్కాన్‌తో పోలిస్తే పెద్ద మార్పు లేదు’ అనే రాసి ఉండొచ్చు. అది తప్పు కాదు; ఒకటి రెండు మిల్లీమీటర్లు కొలిచే మనిషిని బట్టి, స్లైసు (స్కాన్‌లో తీసే ఒక్కో పొర బొమ్మ) మందాన్ని బట్టి కూడా మారతాయి. కానీ చివరి కొలతలు 18 × 14 × 12 అయితే మూడింటినీ గుణించండి: 1,386 కాస్తా 3,024 అయింది. అంటే రెట్టింపు దాటింది! అందుకే స్కాన్ సెంటరులోనే అడగండి: ‘‘ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి స్కాన్‌తో కూడా పోల్చి రాయండి సార్.’’

ముక్క కదలకుండా ఉండి, కొత్త ఇబ్బందులేవీ లేకపోతే రేడియేషన్‌కు తొందరపడనక్కర్లేదని నా అభిప్రాయం. రేడియేషన్ ఎక్కువగా పెరుగుదలను ఆపుతుంది, గడ్డను మాయం చేయదు. మామూలుగా మొత్తం 50–54 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), రోజుకు 1.8–2 చొప్పున, సుమారు ఆరు వారాలు పడుతుంది. చిన్న ముక్క, కంటి నరానికి దూరంగా ఉంటే ఒకే సిట్టింగులో రేడియోసర్జరీ (కోత లేకుండా గడ్డ మీదికే గురిపెట్టి ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇవ్వడం) చేయొచ్చు. ఏళ్ల తర్వాత హార్మోన్లు తగ్గడం, మతిమరుపు లాంటివి కొందరికి రావొచ్చు. అయితే ఆగుదాం అనుకున్నవాళ్లు స్కాన్ ఎగ్గొట్టకూడదు. ఖర్చు వల్లో దూరం వల్లో కుదరదనిపిస్తే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, నిర్ణయమే మారొచ్చు. ముక్క కంటి నరం పక్కనే ఉంటే ఆగడానికి వ్యవధి తక్కువ. చూపు మసకబారితే స్కాన్ తేదీ దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. గ్రేడ్ 2 లెక్క వేరు, ముక్క మిగిలితే సాధారణంగా రేడియేషనే సూచిస్తారు.

అభ్యాసం: మీ దగ్గరున్న రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చి, పైన చెప్పినట్టు తేదీ, సెంటరు పేరు, మూడు కొలతలు నోటుబుక్కులో రాయండి. కొలత రాయని రిపోర్టు ఉంటే పక్కన గుర్తు పెట్టుకోండి. దాని సీడీతో వచ్చే పాఠంలో పని ఉంది.