ఎదిగే వయసు నవలలో తిట్లను ఎలా తూచాలి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ విద్యార్థులతో 'ది క్యాచర్ ఇన్ ది రై' చదివించాలనుకునే అధ్యాపకులకు మొదట ఎదురయ్యే ప్రశ్న, ఇన్ని తిట్లున్న పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వవచ్చా అన్నది. జె.డి. శాలింజర్ రాసిన ఈ నవల 1951లో వెలువడింది. దీన్ని తరగతిలో చదివించినందుకు 1960లో అమెరికాలోని టల్సాలో ఒక టీచరును ఉద్యోగం నుంచి తొలగించి, ఆ తరువాత మళ్లీ చేర్చుకున్నారు. ప్రశ్న న్యాయమైనదే, కాని దానికి జవాబు పుస్తకం మొత్తం చదివినవారికే దొరుకుతుంది.

అందువల్ల ముందుగా పెన్సిల్ పట్టుకుని నవలను చివరిదాకా చదవండి. తిట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవద్దు. ప్రతి తిట్టు పక్కన అది ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నారో రాసుకోండి. ఈ కథ చెప్పే హోల్డెన్ బడి నుంచి వెళ్లగొట్టబడిన పదహారేళ్ల కుర్రాడు, తమ్ముడు ఆలీ లుకేమియాతో చనిపోయిన దుఃఖాన్ని ఎవరికీ చెప్పుకోలేనివాడు. అదే కుర్రాడు ఉదయం ఫలహారం దగ్గర కలిసిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులతో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. తిట్టవద్దని అతడిని వారించేది స్వయంగా చెల్లెలు ఫీబీ. ఇక నవలలోని అతి ఘాటైన బూతు, ఎవరో ఆ చెల్లెలి బడి గోడ మీద రాసిపెట్టినది. చిన్నపిల్లల కంట పడుతుందన్న వేదనతో హోల్డెన్ దాన్ని చేత్తో తుడిపేస్తాడు. మరొకచోట కత్తితో చెక్కి ఉండడంతో అది చెరగదు. అచ్చులో ఆ మాటను చుక్కలతో కప్పేస్తే అతడు దేన్ని చెరపడానికి తంటాలు పడుతున్నాడో పాఠకుడికి తెలియదు. ఈ నవలలో మోటుమాట సమర్థనీయమని నేను గట్టిగా అనడానికి ముఖ్య ఆధారం ఈ ఘట్టమే.

వేరే నవల విషయంలోనైతే తిట్టును తీసేసి ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. తిట్టు లేకపోతే ఆ పాత్ర వేరే మనిషిలా అనిపిస్తే, తిట్టు అవసరమైనదే. పాత్రలన్నీ ఒకే తీరున తిడుతూ, ఎవరి గొంతు ఎవరిదో తెలియకపోతే అది రచయిత అలసత్వం. పేరున్న పుస్తకమని దాన్ని సమర్థించనక్కరలేదు.

తెలుగు నవలలకు వచ్చేసరికి మన ప్రాంతంలో మరొక జాగ్రత్త కావాలి. తెలంగాణ మాటనే మోటుగా చూసిన కాలం ఎంతో దూరంలో లేదు. పాత్ర పాలమూరు యాసలో "ఏందిరా పోరగా" అంటే అది బూతు కాదు, ఇంటి పలుకుబడి; దాన్ని తిట్ల జాబితాలో చేర్చకండి. కులం పేరుతో, ఆడవారిని కించపరుస్తూ అనే మాటలను మాత్రం విడిగా పెట్టుకోండి. అవి కోపాన్ని వెళ్లగక్కి ఊరుకోవు, ఎదుటివారిని తొక్కుతాయి. అటువంటి పేజీని తరగతిలో ఎవరిచేతా బిగ్గరగా చదివించకండి. ఆ మాట పడ్డ పాత్ర వైపు నుంచి చర్చ మొదలుపెట్టండి.

తల్లిదండ్రులతో పాఠం మొదలుకాక ముందే మాట్లాడండి. గోడ మీది రాతను చెరిపే ఆ ఘట్టాన్ని వారికి తెలుగులో పూర్తిగా చెప్పండి. అప్పటికీ ఎవరైనా వద్దంటే, వారి బిడ్డకు మరో నవల ఇచ్చి, మిగిలినవారితో ఈ పాఠం కొనసాగించండి.